పుస్తకాలు చదువుతానండి

వాక్యం చివర నేను గొంతు మింగేస్తానని మొదట కనిపెట్టింది మా పై క్వార్టర్లో ఉండే ఆంటీ. ఆవిడకి చదవడం రాదు. శ్రీకాకుళం వైపు పల్లె నుంచి ఉత్తరం వస్తే మెట్లు దిగి మా ఇంటికి తెచ్చి నాతో చదివించుకునేది. ఒకసారి వాళ్ల తమ్ముడు రాసిన ఇన్‌లాండ్ లెటరు చదివి మడత పెడుతుంటే నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"మళ్లీ సదువమ్మీ. గేదె ఈనిందని రాసినాడా, ఈన్నేదని రాసినాడా?"

"ఈనలేదని రాశాడు ఆంటీ."

"మరి నాకు ఇనబడ్నేదు. గేదె దాకా బాగానే సదివినావు, ఆ తర్వాత మింగేసినావు. అవునో కాదో అక్కడే గదా ఉంతాది."

నేను నవ్వేసి ఊరుకున్నాను గానీ ఆ సాయంత్రం డైరీలో ఆ మాట రాసుకున్నాను. ఆవిడ చెప్పింది నిజం. తెలుగులో వాక్యమంతా క్రియ కోసం ఎదురుచూస్తుంది. అక్కడికి వచ్చేసరికి ఎదుటివాళ్లు నన్నే చూస్తున్నారని గుర్తొచ్చి నా గొంతు పడిపోయేది. నేను మాట్లాడితే ఎవరికీ సగం కంటే అర్థం కాకపోవడానికి కారణం అదే.

అప్పుడు మేము ఢిల్లీ కంటోన్మెంటులో ఉండేవాళ్లం. నాన్న హవల్దారు క్లర్కు. ఆంటీ భర్త నాయక్ ర్యాంకులో బండి డ్రైవరు. నేను పుట్టింది ఒక కంటోన్మెంటులో, పెరిగింది మూడు కంటోన్మెంట్లలో. బడి చదువంతా హిందీ, ఇంగ్లీషు. తెలుగు అక్షరాలు అమ్మ వంటింట్లో కూర్చోబెట్టి నేర్పింది. దానితోనే ఊరి నుంచి వచ్చేవాళ్లు తెచ్చిన వారపత్రికలు, నవలలు, అట్టలు ఊడిపోయినవి కూడా వదలకుండా చదివాను. ఎనిమిదో తరగతి నుంచి డైరీ రాస్తున్నాను, తెలుగులోనే. అది ట్రంకుపెట్టెలో స్వెట్టర్ల అడుగున ఉండేది. బి.ఏ. కరస్పాండెన్సులో కట్టాను, కాలేజీకి వెళ్లాల్సిన పని లేదని. తర్వాత టైపు నేర్చుకున్నాను, అక్కడ మాట్లాడాల్సిన పని లేదని.

నాన్న తన స్నేహితుడి ద్వారా సాకేత్‌లో ఒక ఆఫీసులో టైపిస్టు ఉద్యోగం చూశారు. దసరా అయ్యాక చేరాలి. నేను సరేనన్నాను. ఎవరు ఏమన్నా సరేననడమే నా అలవాటు. తెలుగుతో బతికే పని ఏదైనా ఉంటే బాగుండునని డైరీలో చాలాసార్లు రాసుకున్నాను గానీ, ఢిల్లీలో అలాంటి పని ఉంటుందని అనుకోలేదు.

ఒక రోజు మధ్యాహ్నం ఆంటీ సగం చెక్కు తీసిన బంగాళదుంప చేతిలో పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది.

"రేడియోలో సెప్పినారు. తెలుగు వార్తలు సదివేవోలు కావాలంట. నెలకి కొన్ని రోజులే పని అంట. నువ్వు కాయితం పెట్టాల."

"నేనా ఆంటీ? నలుగురి ముందు నోరు తెరవలేను కదా."

"రేడియోలో నలుగురెక్కడుంతారు? నువ్వు వోలికి కనపడవు, వోలు నీకు కనపడరు. నీలాటోలికి అంతకన్నా మంచి కొలువేటి?"

అమ్మ బియ్యం ఏరుతూ నవ్వింది. "దీన్ని కూరల బండి దగ్గరికి పంపితే 'భయ్యా' అని పిలవడానికే పది నిమిషాలు పడుతుంది వదినా. ఇది లోకమంతటికీ వార్తలు చెబుతుందా?"

"అందుకే ఆ భయ్యా కుళ్లిన టమాటాలు ఇస్తన్నాడు," అంది ఆంటీ. "ఈ గుంటపిల్ల గొంతు బాగుంతాది. ఇన్నోలికి తెలుస్తాది."

సాయంత్రం నాన్నకి ఆంటీయే చెప్పింది. "పెడితే పెట్టనీ. కానీ సాకేత్ వాళ్లకి మాట ఇచ్చాను. ఇక్కడ రాకపోతే దసరా తర్వాత అక్కడ చేరాలి, మళ్లీ వెనక్కి తగ్గకూడదు," అన్నారు నాన్న. దరఖాస్తు ఆయనే ఆఫీసులో టైపు చేసి తెచ్చారు. నేను సంతకం చేశాను. పరీక్షకి రమ్మని ఉత్తరం వచ్చింది. ఒక నెల గడువుంది. హిందీ నుంచి, ఇంగ్లీషు నుంచి తెలుగులోకి అనువాదం, తర్వాత గొంతు పరీక్ష.

ఆ నెల రోజులూ ఆంటీ నాకోసం ఎంత సమయం ఇచ్చిందో అప్పుడు లెక్కలోకి తీసుకోలేదు. మధ్యాహ్నం వంటింటి పనులు ముగించుకుని కిందికి వచ్చేది. ముందురోజు నాన్న చదివేసిన హిందీ పేపరు తీసుకుని నేను ఒక వార్తని తెలుగులో రాసేదాన్ని. తర్వాత చదవాలి. ఎదురుగా ఆవిడ కూర్చుంటే నాకు నోరు పెగల్లేదు. రెండు రోజులు చూసింది. మూడో రోజు నన్ను వంటింట్లోకి తోసి తలుపు వేసింది.

"నువ్వు రేడియోలో ఉన్నావు. నాను మా ఊర్లో అరుగు మీద కూకున్నాను. సదువు."

తలుపుకి ఇవతల నేను, అవతల ఆవిడ. నేను గిన్నెల అల్మారా వైపు చూస్తూ చదివేదాన్ని. ఏదైనా మింగేస్తే అవతలి నుంచి మాట వచ్చేది. "మంత్రిగారు వచ్చినారా, రానేదా?" మళ్లీ చదివేదాన్ని. "ఊపిరి అక్కడ తియ్యకు, మెట్లెక్కినట్టుంది." మళ్లీ చదివేదాన్ని. "ఆఁ, ఇప్పుడు వచ్చినారు మంత్రిగారు." పదిహేను రోజులు గడిచేసరికి నా గొంతు ఆ తలుపు దాటి వెళ్లడం నాకే వినిపించింది. ఇరవై రెండేళ్ల వయసులో, నేను అన్న మాట అన్నట్టుగా ఇంకొకరికి చేరడం ఎలా ఉంటుందో మొదటిసారి తెలిసింది. డైరీలో రోజూ దాని గురించే రాసేదాన్ని.

అనువాదం సంగతి ఆవిడకి తెలియదని అనుకునేదాన్ని. ఒక రోజు సైనికుల గురించిన వార్త ఒకటి దొరికింది. హిందీలో 'అవకాశ్ ప్రాప్త్ సైనిక్' అని ఉంది. నేను రాసింది తలుపు వెనక నుంచి ధైర్యంగా చదివాను. "అవకాశం పొందిన సైనికులకు ఇళ్ల స్థలాలు ఇస్తారు."

అవతలి నుంచి నవ్వు మొదలైంది. తలుపు తీసి చూస్తే ఆంటీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఊగిపోతోంది.

"ఏం అవకాశం పొందినారే వోలు?"

"పేపర్లో అలాగే ఉంది ఆంటీ."

"నాను ఢిల్లీ వచ్చిన కొత్తలో మీ అంకుల్ నన్ను సామాన్లకి మిలట్రీ కేంటీన్‌కి పంపినాడు. తలుపులు మూసున్నాయి. గేటు కాడ సిపాయిని అడిగితే 'ఆజ్ అవకాశ్ హై' అన్నాడు. ఓలమ్మ, ఈరోజు అవకాశం ఉందంతన్నాడు గదా అని, సంచి పట్టుకుని నిలబడిపోనాను. ఎండలో గంటన్నర. ఆడు మజ్జెమజ్జెన నన్ను సూసి 'అవకాశ్ హై, అవకాశ్' అని సేతులూపుతన్నాడు. నాను సరే బాబూ అని తలూపుతన్నాను. సివరికి మీ అంకులొచ్చి తీసుకెల్లినాడు. సెలవంట. అవకాశ్ అంతే సెలవు."

నేను వంటింటి గడపలోనే కూలబడి నవ్వాను. ఆవిడ కళ్లు తుడుచుకుంది. "ఈ సంగతి ఇన్నాల్లూ ఎవలికీ సెప్పనేదు, నీకే సెప్పినాను. మీ అమ్మకి సెప్పకు, నెలరోజులు నవ్వుతాది. ఆ సైనికులు పించనీలోకి ఎల్లినోలమ్మీ. సర్వీసు సెలవైపోనాది వోలికి."

నేను కొట్టేసి 'పదవీ విరమణ చేసిన సైనికులు' అని రాసుకున్నాను.

పరీక్ష రోజు నాన్నకి డ్యూటీ, అమ్మకి మోకాలి నొప్పి. ఆంటీ తోడు వచ్చింది. మెరూన్ రంగు పట్టుచీర కట్టుకుంది, పెళ్లిళ్లకి కట్టుకునేది. చపాతీలు, బంగాళదుంప కూర స్టీలు డబ్బాలో పెట్టుకొచ్చింది. రెండు బస్సులు మారి రేడియో స్టేషన్‌కి వెళ్లాం. వరండాలో మాతోపాటు ఇంకా ఏడెనిమిది మంది ఉన్నారు. ఇద్దరు ఆడవాళ్లు గంజి పెట్టిన నూలు చీరల్లో, ఒకరు ఉపాధ్యాయురాలు అనుకుంటాను, ఒకరు ఎక్కడో దక్షిణ ఢిల్లీలో పెద్ద ఉద్యోగి భార్య. వాళ్ల తెలుగు పుస్తకాల్లో ఉన్నట్టు ఉంది. ఆంటీ వాళ్లని ఆప్యాయంగా పలకరించింది.

"మీకూ ఇదే పరీచ్చేనా అమ్మా? మా గుంటకీ ఇదే. నెల్లాల్లనుంచి సదువుతంది."

"అలాగా అండీ," అన్నారు వాళ్లు. మర్యాదగానే అన్నారు. అని ఒకరి వైపు ఒకరు చూసుకున్నారు. అంతే. ఆ చూపు నాకు బాగా అర్థమైంది. నేను కాగితాలు తీసి చదువుతున్నట్టు తల వంచుకున్నాను. మధ్యాహ్నం డబ్బా తెరిచినప్పుడు ఆకలి లేదని చెప్పాను. ఆవిడ ఒక్కతే తింది.

రాత పరీక్షలో హిందీ వార్త చూడగానే ఒక మాట దగ్గర నా కళ్లు ఆగిపోయాయి. అందులో 'అవకాశ్ ప్రాప్త్ న్యాయాధీశ్' అని ఉంది. నేను 'పదవీ విరమణ చేసిన న్యాయమూర్తి' అని రాశాను. రాస్తుంటే కేంటీన్ గేటు దగ్గర సంచి పట్టుకుని నిలబడిన మనిషి కనపడి పెదవుల మీదికి నవ్వు వచ్చింది కూడా.

గొంతు పరీక్ష గదిలో ఒక ఎర్ర దీపం, ఎదురుగా పెద్ద గాజు అద్దం ఉన్నాయి. దాని అవతల ముగ్గురు కూర్చుని నన్నే చూస్తున్నారు. రేడియోలో ఎవరూ ఎవరికీ కనపడరని అనుకున్న మేము ఆ సంగతి ఎరగం. కాగితాన్ని బల్ల మీద పెట్టేసి, ఆ అద్దమే గిన్నెల అల్మారా అనుకుని, వంటింటి తలుపుకి అవతల చెవి పెట్టి కూర్చున్న ఆవిడ కోసం చదివాను. ప్రతి వాక్యం చివరా ఆగి, పూర్తిగా పలికాను.

తర్వాత పెద్దాయన ఒకరు లోపలికి వచ్చి నా ఎదురుగా కూర్చున్నారు. తెలుగు విభాగం చూసే అధికారి. నా జవాబు కాగితం ఆయన చేతిలో ఉంది.

"గొంతు స్పష్టంగా ఉందమ్మా. ముఖ్యంగా వాక్యాంతాలు. సరే, ఇది చూడండి," అని ఒక చోట వేలు పెట్టారు. "ఢిల్లీలో పెరిగిన పిల్లలు దాదాపు అందరూ ఇక్కడ 'అవకాశం పొందిన న్యాయమూర్తి' అని రాస్తారు. ఇవాళ కూడా రాశారు. మీరు రాయలేదు. ఎవరు నేర్పారు మీకు?"

నాలాంటి వాళ్లు ఎక్కడికి వెళ్లినా జవాబులు ముందే కూర్చుకుని వెళతారు. ఎవరైనా ఏదైనా అడిగితే చెప్పడానికి నేను ఒక వాక్యం సిద్ధం చేసుకున్నాను. బస్సులో పదిసార్లు మనసులో అనుకున్నాను. అది నోట్లోంచి వచ్చేసింది.

"ఎవరూ లేరండి. పుస్తకాలు చదువుతానండి."

అది ముందే కూర్చుకున్న వాక్యం కాబట్టి వచ్చేసిందని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. కానీ 'ఎవరూ లేరండి' అన్నది అందులో లేదు. అది అప్పటికప్పుడు కలిపాను. నిజం చెబితే వరండాలో మెరూన్ చీర కట్టుకుని కూర్చున్న మనిషిని చూపించాలి. ఆ నూలు చీరల చూపు మళ్లీ చూడాలి. ఈయన ముఖంలో కూడా అదే చూపు వస్తుందేమో. ఇదంతా ఒక్క క్షణంలో లెక్క వేసుకున్నాను. నా గొంతు ఆ రోజు ఆ వాక్యం చివర కూడా తగ్గలేదు.

ఆయన మెచ్చుకోలుగా తలూపారు. లేచి తలుపు దాకా వచ్చారు. తలుపు తీసేసరికి ఆంటీ ఎదురుగా ఉంది, లేచి నిలబడింది.

"మా పిల్ల బాగా సదివినాదా బాబూ?"

"చాలా బాగా చదివిందమ్మా," అన్నారాయన నవ్వుతూ. "ఎవరూ నేర్పకుండా, పుస్తకాలు చదివి తనంతట తానే నేర్చుకుందట. ఈ రోజుల్లో అలాంటి పిల్లలు అరుదు. మీరు అమ్మగారా?"

ఆంటీ నా ముఖం వైపు చూసింది. నేను నేల వైపు చూశాను.

"కాదు బాబూ, పైనింటోలం. తోడొచ్చినాను," అంది ఆవిడ. చేతిలో డబ్బా సర్దుకుని, "అవును బాబూ. ఎప్పుడు సూసినా బుక్కే," అంది.

నా అబద్ధాన్ని ఆవిడ అందుకుని నిలబెట్టింది. అప్పుడైనా నేను ఏదో ఒకటి అనవచ్చు. ఆయన ఇంకా అక్కడే ఉన్నారు. ఒక్క వాక్యం సరిపోయేది. నేను ఆంటీ చేతిలోంచి డబ్బా అందుకుని, "వెళ్దామా?" అన్నాను.

బస్సులో ఆవిడ కిటికీ పక్క సీటు నాకు ఇచ్చింది. ధౌలా కువాన్ దగ్గర ట్రాఫిక్ ఆగిపోయింది. "ఆకలేస్తందా? రెండు సపాతీలున్నాయి," అంది. తిన్నాను. ఆవిడ మామూలుగానే మాట్లాడింది, అంకుల్ సెలవు గురించి, నీళ్ల ట్యాంకర్ గురించి. పరీక్షలో ఏమడిగారని మాత్రం అడగలేదు. ఆ నెల రోజుల్లో నేను రాసిన ప్రతి ముక్కా చెప్పించుకున్న మనిషి, ఆ ఒక్క రోజు ఏమీ అడగలేదు.

ఇంటికి వచ్చి దీపాలు పెట్టే వేళకి డైరీ తీశాను. నాలుగు పేజీలు రాశాను. అద్దం గురించి, ఎర్ర దీపం గురించి, ఆ పెద్దాయన మెచ్చుకోలు గురించి. ఆ పేజీలు ఈమధ్య తీసి చూశాను. ఆంటీ గురించి అందులో ఉన్నది ఒకే ఒక వాక్యం. 'ఆంటీ తోడు వచ్చింది.' ఎవరూ చూడని చోట, స్వెట్టర్ల అడుగున దాచుకునే పుస్తకంలో కూడా నేను ఆయనకి చెప్పిన జవాబే చెప్పుకున్నాను.

ఉత్తరం దసరాకి ముందే వచ్చింది. నన్ను తీసుకున్నారు. నాన్న సాకేత్ ఆఫీసుకి ఫోన్ చేసి క్షమించమన్నారు. అమ్మ అందరికీ హల్వా పంచింది. ఆంటీ వచ్చి నా తల మీద చెయ్యి వేసి, "ఇంక బతికిపోనావు," అంది. మునుపటిలాగే ఉత్తరాలు చదివించుకుంది. కానీ వంటింటి తలుపు దగ్గర కూర్చోవడం మాత్రం మళ్లీ జరగలేదు. నేను ఒకసారి, "చదువుతాను, వింటారా ఆంటీ?" అంటే, "నీకింకెందుకమ్మీ, అంతా వచ్చేసినాది," అని మెట్లెక్కి వెళ్లిపోయింది. అందులో ఎత్తిపొడుపు ఉందో లేదో ఇప్పటికీ తేల్చుకోలేను.

నా మొదటి డ్యూటీ రాకముందే అంకుల్‌కి బదిలీ అయింది. కుటుంబాన్ని తీసుకెళ్లడానికి వీల్లేని చోటు. ఆంటీ ఊరికి వెళ్లిపోవాలి. సామాను సర్దే రోజు సాయం చేయడానికి పైకి వెళ్లాను. అంకుల్ నంబరు తెల్ల రంగుతో రాసి ఉన్న నల్ల ట్రంకుపెట్టెలు గదంతా ఉన్నాయి. ఆవిడ స్టీలు గిన్నెలకి పాత చీరముక్కలు చుడుతోంది. అమ్మ కిందికి వెళ్లేదాకా ఆగాను.

"ఆంటీ, ఆ రోజు టెస్టుకి వెళ్లినప్పుడు..."

"ఆ రోజు బస్సులు బేగినే దొరికినాయి," అంది ఆవిడ, గిన్నె మీంచి కళ్లెత్తకుండా. "ఆ సుతిలి తాడు ఇలా అందియ్యి."

అందించాను. ఇంకొకసారి మొదలుపెట్టి ఉంటే వినేదేమో. నేను సుతిలి కొస పట్టుకుని నిలబడ్డాను, ఆవిడ ముడి వేసింది. ఆ పని అయ్యేసరికి అంకుల్ లారీ తీసుకుని వచ్చేశాడు.

ఇదంతా జరిగి నాలుగేళ్లయింది. నాన్న సర్వీసు ముగిసి మేము మయూర్ విహార్‌లో అద్దె ఇంటికి మారాం. నెలలో కొన్ని రోజులు వార్తలు చదువుతాను. కొత్తగా వచ్చేవాళ్లు నన్ను చూసి, వాక్యం ఎక్కడ ఆపాలో ఎలా తెలుస్తుందని అడుగుతారు. ఇప్పుడు ఆంటీ గురించి చెబుతాను, కేంటీన్ కథ తప్ప అన్నీ. అది నా ఒక్కదానికే చెప్పింది, ఇక్కడ రాయడమే మొదటిసారి. మిగతాదంతా వింటున్నవాళ్లకి ముచ్చటగా ఉంటుంది. చెప్పాల్సిన రోజు చెప్పనిదాన్ని ఇప్పుడు చెప్పడం తేలికే. ఇందులో నాకు పోయేదేమీ లేదు.

కిందటేడు ఆవిడకి ఉత్తరం రాశాను. జరిగింది జరిగినట్టు, క్షమించమని అడుగుతూ, రెండు వైపులా నింపాను. మడత పెడుతున్నప్పుడు తట్టింది, దీన్ని చదవడం ఆవిడకి రాదు. తమ్ముడో, తమ్ముడి కూతురో అరుగు మీద కూర్చుని పైకి చదువుతారు. చుట్టుపక్కల వాళ్లు వింటారు. ఒక పెద్ద ఆఫీసు గుమ్మంలో తనని ఎవరూ కాదన్నట్టు నిలబెట్టానని ఊరంతా వినాలి. ఆవిడ పరువు కోసం ఆగుతున్నానని అనుకున్నాను. అది సగమే నిజం. నా పేరు పెట్టి నా తప్పు ఎవరో పైకి చదవడం నేను ఊహించలేకపోయాను. ఆ కాగితం చింపేసి ఇంకొకటి రాశాను, నాలుగు వాక్యాలు. అందరం బాగున్నాం. నాన్న రిటైరయ్యారు. వచ్చే నెల ఫలానా తేదీల్లో పొద్దున్న వార్తలు నేను చదువుతాను. వీలైతే వినండి.

నెలన్నరకి జవాబు వచ్చింది. బడిపిల్ల రాసినట్టు గుండ్రటి అక్షరాలు. అంతా క్షేమం. ఈసారి వానలు ఆలస్యం. అంకుల్‌కి వచ్చే ఏడు పెన్షన్. అమ్మగారి మోకాలు ఎలా ఉందో రాయమంది. వార్తల గురించి అందులో ఒక్క ముక్క లేదు. ఆవిడ వినలేదో, విని చెప్పలేదో, చెప్పినా ఆ పిల్ల రాయలేదో తెలియదు. అడుగుతూ మళ్లీ రాయవచ్చు. రాయలేదు.